పది డిగ్రీల కోసం ఇంత విషమా?

నీటిని పూర్తిగా కాదనగల ఘనపదార్థం ఈ భూమ్మీద లేదు, ఇకముందు పుట్టదు కూడా. అణువుల మధ్య ఆకర్షణ ఉన్నంతకాలం ఈ మాటకు తిరుగులేదు. అయినా ఏ దుకాణం మెట్లెక్కినా "నీరు అంటదు", "జీవితాంతం తడవదు", "నానో కవచం" అని అచ్చువేసిన డబ్బాలే కనిపిస్తాయి. కారుకు పూసేది ఒకటి, చొక్కా మీద చల్లేది ఒకటి, డాబాకు రాసేది ఒకటి, బడిపిల్లల సంచికీ ఆఫీసు బూటుకూ చేతిలోని ఫోనుకూ తలా ఒకటి. వీడియో తెరిస్తే తెల్లచొక్కా మీద సాంబారు గుమ్మరిస్తారు. అది మరక లేకుండా జారిపోతుంది. చూసినవాళ్లు నోరెళ్లబెడతారు. వెంటనే ధర, ఫోన్ నంబరు.

ఇది అబద్ధం మీద నడుస్తున్న వ్యాపారం. జేబుకు చిల్లు పడటంతో ఆగే మోసమే అయితే నాకింత కోపం వచ్చేది కాదు. నీరంటని బట్టల ఆశ చూపించి కొన్ని కంపెనీలు ఒక రసాయన కుటుంబాన్ని ప్రపంచమంతా చల్లేశాయి. అది నదుల్లో ఉంది, వానచినుకులో ఉంది, తల్లిపాలలో ఉంది, మనుషుల నెత్తుట్లో ఉంది. ఇంత చేసి నీటి విషయంలో సాధించిందేమిటని లెక్క తీస్తే చేతికి వచ్చేది సుమారు పది డిగ్రీలు. ఆ పది డిగ్రీల సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాను.

శుభ్రమైన గాజుపలక మీద నీటిబొట్టు వేస్తే పరచుకుపోతుంది. అదే పలకకు కొవ్వొత్తి రుద్ది వేస్తే బొట్టు గుండ్రంగా పైకి లేచి కూర్చుంటుంది. బొట్టు అంచు పలకను తాకేచోట, నీటి లోపలివైపు ఏర్పడే కోణాన్ని స్పర్శకోణం అంటారని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. పరీక్ష అయ్యాక మరిచిపోయాం. 1805లో లండన్ వైద్యుడు థామస్ యంగ్ దీని గుట్టు విప్పి చెప్పాడు. ఒక్క సమీకరణం రాయకుండా మాటల్లోనే చెప్పాడు. గాలికి ఎదురుగా ఉన్న ఘనతలం ఒకవైపు లాగుతుంది, నీటికీ ఘనతలానికీ మధ్య ఉన్న హద్దు మరోవైపు లాగుతుంది, నీటి తలతన్యత వాలుగా లాగుతుంది. ఈ మూడూ సరితూగినచోట అంచు ఆగుతుంది. కోణం 90 డిగ్రీల లోపుంటే తడుస్తుందంటాం, దాటితే తడవదంటాం. రెంటి మధ్యా గోడ లేదు. ఉన్నది పట్టు ఎక్కువా తక్కువా అన్న తేడా మాత్రమే.

ఇప్పుడు అంకెలు చూడండి. గాజు మీద కోణం దాదాపు సున్నా. పారఫిన్ మైనం మీద సుమారు 110. ప్రపంచమంతా పేరు మోగిన టెఫ్లాన్ మీద కూడా 110కి అటూఇటే. మైనపు ముద్దకూ టెఫ్లాన్‌కూ మధ్య నీటికి కనిపించే తేడా అంతంత మాత్రం. అన్నిటికంటే నీటికి దూరంగా ఉండేది, ఒక కార్బన్‌కు మూడు ఫ్లోరిన్‌లు కట్టిన గుంపులను ఉపరితలం మీద ఒత్తుగా, వరసగా నిలబెట్టినప్పుడు వచ్చే పొర. 1999లో జపాన్ శాస్త్రవేత్త నిషినో బృందం దాన్ని తయారుచేసి కొలిచింది. వచ్చింది 119 డిగ్రీలు. నునుపైన తలం మీద రసాయనశాస్త్రం చేయగలిగింది ఇక్కడికే. 120 అనుకోండి. ఇంతకు మించి ఏ డబ్బాలోని మందూ, ఏ ప్రయోగశాలలోని అణువూ నునుపైన తలాన్ని తీసుకుపోలేదు.

ఆ 120 దగ్గరైనా నీరు వదిలేస్తుందా? వదలదు. నీటిని నీటి నుంచి విడదీయాలంటే చదరపు మీటరుకు సుమారు 146 మిల్లీజౌళ్ల శక్తి కావాలి. 120 డిగ్రీల తలం నుంచి నీటిని విడదీయడానికి సుమారు 36 మిల్లీజౌళ్లు కావాలి. అంటే నీటికి తన మీద తనకున్న పట్టులో నాలుగోవంతు ఆ తలానికి ఇంకా నీటి మీద ఉంది. నీటిని తరిమేసే తలం అంటూ ఏదీ లేదు. తక్కువగా పట్టుకునే తలాలున్నాయి, అంతే. ఇది తెలిసినవాడెవడూ "అంటదు" అనే మాట డబ్బా మీద అచ్చువేయడు. వేస్తున్నాడంటే తెలియక వేస్తున్నాడా, తెలిసే వేస్తున్నాడా? రెండూ క్షమించరానివే.

"మరి తామరాకు సంగతేమిటి? దాని మీద కోణం 150 దాటుతుంది కదా?" అంటారు. దాటుతుంది. వ్యాపారులందరూ తామరపువ్వు బొమ్మను డబ్బా మీద వేసుకున్నది అందుకే. అయితే అక్కడ పనిచేస్తున్నది మైనం ఒక్కటే కాదు, గాలి కూడా. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 1997లో ఈ ఆకు గురించి రాసిన పత్రం తరవాతే ఈ నానో కవచాల జాతర మొదలైంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆకు నిండా కొన్ని మైక్రాన్ల ఎత్తు బుడిపెలుంటాయి. ప్రతి బుడిపె మీదా సన్నటి మైనపు గొట్టాలుంటాయి. వాటి నడుమ గాలి చిక్కుకుని ఉంటుంది. నీటిబొట్టు ఆ మొనల మీద అంపశయ్యపై భీష్ముడిలా పడుకుని ఉంటుంది. కింద ఆకును తాకేది చాలా కొద్దిచోట్ల, మిగతా అంతా గాలే. గాలి మీద బొట్టు 180 డిగ్రీలతో నిలుస్తుంది కాబట్టి మొత్తం కోణం పెరుగుతుంది.

ఈ లెక్కను 1944లోనే ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్ని పరిశ్రమ పరిశోధనశాలలో పనిచేసిన కాసీ, బాక్స్‌టర్ తేల్చారు. గరుకుదనం పెరిగితే తడిసే తలం మరింత తడుస్తుందనీ, తడవని తలం మరింత తడవదనీ 1936లోనే అమెరికాలో వెంజెల్ చెప్పాడు. ఇంతటి కోణం గరుకుదనం, అందులో చిక్కిన గాలి పుణ్యమని శాస్త్రానికి ఎనభై ఏళ్లుగా తెలుసు. ఆ గాలి నిలిచినంతసేపే ఆ గొప్ప.

గాలి ఎంతసేపు నిలుస్తుంది? దగ్గరలో చెరువుంటే ఒక తామరాకు తెచ్చి మీరే చూడండి. బొట్టు వేస్తే పాదరసంలా పరిగెత్తుతుంది. ఇప్పుడు ఆకు మధ్యలో బొటనవేలితో గట్టిగా రుద్ది, అక్కడే మళ్లీ బొట్టు వేయండి. అది అతుక్కుపోతుంది. ఆకును వంచినా కదలదు. మీ వేలు ఆ మైనపు గొట్టాలను చిదిపేసింది, గాలికి చోటు పోయింది. ఇంకో ఆకును ఆవిరి పట్టేచోట ఉంచండి. పైనుంచి పడ్డ చినుకు బుడిపెల మీద నిలుస్తుంది కాని ఆవిరి ముందే బుడిపెల సందుల్లోకి దూరి అక్కడే నీరవుతుంది. 2005లో చెంగ్, రోడాక్ అనే ఇద్దరు పరిశోధకులు తామరాకు మీద ఇదే చూశారు: ఆవిరి చల్లబడి ఏర్పడిన నీరు ఆకును అంటిపెట్టుకునే ఉంది. తామరాకునే ఓడించే మామూలు తేమను ఆరు నెలల కిందట ఏదో డబ్బాలోంచి చల్లిన పొర ఓడిస్తుందా?

వానచినుకు ఏం చేస్తుందో కూడా లెక్క వేద్దాం. మూడు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 8 మీటర్ల వేగంతో పడుతుంది. తగిలిన క్షణంలో అది వేసే ఒత్తిడి మూడు మీటర్లకు పైగా ఎత్తున్న నీటిస్తంభం వేసే ఒత్తిడికి సమానం. సందు ఏమాత్రం వెడల్పున్నా నీరు గాలిని నెట్టేసి లోపలికి దిగుతుంది. ఒకసారి దిగిందా, దానంతట అది బయటికి రాదు. మరి బట్టల కంపెనీలు చూపించే పరీక్ష ఏమిటి? ఐఎస్ఓ 4920 అనే తుంపర పరీక్ష. బట్టను 45 డిగ్రీల వాలుగా బిగిస్తారు. జానెడు కూడా లేని ఎత్తు, అంటే 15 సెంటీమీటర్ల నుంచి పావులీటరు నీళ్లు చల్లుతారు. అర నిమిషం లోపల ముగిసిపోతుంది. బట్టలను పోల్చి చూసుకోవడానికి ఆ పరీక్ష మంచిదే. దాన్ని గెలిచిన కోటు వేసుకుని శ్రావణమాసపు ముసురులో గంటసేపు బండి నడిపితే తడవనని నమ్మబలకడం దగా.

ఆ కోటు ఎక్కడ ముందు తడుస్తుందో గమనించండి. బడిపిల్లల భుజాల దగ్గర, సంచి పట్టీ రాసుకునేచోట. తరవాత మోచేతుల దగ్గర, మెడ దగ్గర. రాపిడి, చెమట, ఒంటి జిడ్డు, సబ్బు కలిసి ఆ పొరను చంపుతాయి. సబ్బు కలిసిన నీటి తలతన్యత మీటరుకు 73 మిల్లీన్యూటన్ల నుంచి 30 దరిదాపులకు పడిపోతుంది. ఉతికి సరిగా జాడించకపోతే మిగిలిన సబ్బే నీటిని లోపలికి పిలుచుకుంటుంది. ఫ్లోరిన్ పూత వేసిన బట్టను ఉతికాక కొంచెం వేడి తగిలిస్తే, వాలిపోయిన అణువుల గొలుసులు లేచి నిలబడి, పూత కొంత తిరిగి పనిచేస్తుంది. ఈ సంగతి ఎంతమంది కొనుగోలుదారులకు చెప్పారు? చెబితే పాత కోటే మరో వానాకాలం వస్తుంది, కొత్త కోటు అమ్ముడుపోదు.

కోణం అంకె ఒక్కటే చూపించి మురిపించడం ఇంకో దగా. గులాబీ రేకు మీద కూడా బొట్టు 150 డిగ్రీలతో గుండ్రంగా ఉంటుంది. రేకును తలకిందులు చేసినా ఊడిపడదు. బొట్టు ముందుకు పాకేటప్పటి కోణం వేరు, వెనక్కి జరిగేటప్పటి కోణం వేరు. ఆ రెంటి మధ్య తేడా ఎంత తక్కువగా ఉంటే నీరంత తేలిగ్గా జారుతుంది. డబ్బా మీద ఒక్క కోణమే వేసి రెండోది దాచేవాడు సగం నిజం చెప్పి పూర్తి ధర తీసుకుంటున్నాడు. కార్ల పూతల విషయంలో ఇది కళ్లకు కడుతుంది. వాలుగా ఉన్న అద్దం మీద నీరు జారుతుంది, నిజమే. పైకప్పు మీద బొట్టుబొట్టుగా నిలబడి ఎండలో అక్కడే ఆరిపోతుంది. మన బోరునీళ్లలోని సున్నం, ఉప్పులన్నీ ప్రతి బొట్టు కింద తెల్లటి మచ్చగా మిగులుతాయి. నీళ్లు పలచగా పరచుకుని కారిపోయి ఉంటే ఇన్ని మచ్చలు పడేవి కావు.

ఇక డాబాలు. తెలుగునాట నడిమితరగతి ఇంటికి జీవితకాలపు అప్పు ఆ డాబా. సీలింగ్‌లో చెమ్మ కనిపించగానే, పెచ్చులూడగానే ఎవరో ఒకరు వచ్చి పైన రంగు పూసి పదేళ్ల హామీ ఇచ్చి పోతారు. కాంక్రీటు నిండా కంటికి కనిపించని సన్నటి దారులుంటాయి. వాటికి నీరంటే మక్కువ, పీల్చుకుంటాయి. పూత ఆ పీల్చడాన్ని తగ్గిస్తుంది. అంతవరకు మేలే. బీటల్లోంచి దిగే నీటినీ, వాలు లేక రోజుల తరబడి నిలిచిన నీటినీ ఆ పూత ఆపలేదు. సిమెంటులో కలిపే వాటర్‌ప్రూఫింగ్ మందులకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 2645 ఉంది. అది అడిగేదేమిటి? మందు కలపని దిమ్మెలోంచి దిగే నీటిలో సగం కంటే తక్కువే కలిపిన దిమ్మెలోంచి దిగాలని. సున్నా కావాలని ప్రభుత్వ ప్రమాణమే అడగడం లేదు. సగానికి తగ్గిస్తే చాలన్నదాన్ని డబ్బా మీద "పూర్తి రక్షణ" చేశారు!

మన పెంకుటిళ్లకు ఈ పూతలేవీ లేవు. మట్టిపెంకు నీరు తాగుతుంది, వానకు నల్లబడి బరువెక్కుతుంది. ఇల్లు మాత్రం కారదు. వాలూ, పెంకు మీద పెంకు ఎక్కించిన తీరూ నీటిని చూరు దాకా నడిపించి కింద వదిలేస్తాయి. పెంకు తడుస్తుంది, మనిషి తడవడు. కావలసింది మనిషి తడవకపోవడమే కదా. గొర్రెలకాపరుల గొంగడి కూడా ఇంతే. ఉన్ని పోగుకు పైన పలచని కొవ్వుపొర ఉంటుంది, లోపలి భాగం తేమను పీల్చి దాచుకుంటుంది. దక్కన్ గొర్రె ముతక ఉన్నితో నేసిన గొంగడిని తలమీదుగా కప్పుకుని కాపరి వానలో మంద వెంట నడుస్తాడు. 1940ల్లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో షర్లీ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు యుద్ధవిమానాల పైలట్ల కోసం వెంటైల్ అనే నూలుబట్ట తయారుచేశారు. పొడుగుపింజ పత్తిని చాలా ఒత్తుగా నేశారు. తడవగానే నూలు ఉబ్బి నేతలోని సందులు మూసుకుంటాయి. చల్లటి సముద్రంలో పడ్డ పైలట్లను కాపాడిన బట్ట అది. నీటిని ప్రేమించే నూలుతోనే నీటిని ఆపారు. బుర్ర పెడితే దారులుంటాయి.

బుర్ర పెట్టే శ్రమ తప్పించుకోవడానికి ఎంచుకున్న అడ్డదారే ఫ్లోరిన్. 1938లో అమెరికాలో డ్యూపాంట్ రసాయనవేత్త రాయ్ ప్లంకెట్ చేతికి టెఫ్లాన్ అనుకోకుండా చిక్కింది. 1953లో అక్కడే త్రీఎం అనే కంపెనీ ప్రయోగశాలలో ఒక ఫ్లోరిన్ మందు కాన్వాస్ బూటు మీద ఒలికింది. నీళ్లతో కడిగినా ద్రావకాలతో తుడిచినా పోలేదు. ప్యాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ దానిలోంచి స్కాచ్‌గార్డ్ అనే మరకలంటని పూతను తీశారు. కార్బన్, ఫ్లోరిన్‌ల మధ్య బంధం సేంద్రియ రసాయనాల్లోని ఒంటిబంధాలన్నింటికంటే గట్టిది. ఎండ తెంచలేదు, సూక్ష్మజీవి తెంచలేదు, మన కాలేయం తెంచలేదు. బట్టను కాపాడేదీ ఆ మొండితనమే, లోకాన్ని చెరిచేదీ ఆ మొండితనమే.

పీఫాస్ అని పిలుస్తున్న ఈ చావులేని రసాయనాల చరిత్ర బయటపడటానికి దశాబ్దాలు పట్టింది. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర డ్యూపాంట్ కర్మాగారం 1951 నుంచి టెఫ్లాన్ తయారీలో పీఎఫ్ఓఏ అనే పీఫాస్ రసాయనాన్ని వాడింది. 1990ల చివర ఒక రైతు తన పశువులు వరసగా చచ్చిపోతుంటే న్యాయవాది రాబర్ట్ బిలాట్ దగ్గరికి వెళ్లాడు. ఆ దావా లాగిన తీగకు డొంకంతా కదిలింది. సుమారు 69,000 మంది ఆరోగ్య వివరాలు సేకరించారు. వాటిని పరిశీలించిన శాస్త్రవేత్తల సంఘం మూత్రపిండాల క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, పేగుపూత, గర్భిణుల్లో రక్తపోటు, కొలెస్ట్రాల్ పెరుగుదలకు పీఎఫ్ఓఏతో సంబంధం ఉండే అవకాశం ఉందని 2012 నాటికి తేల్చింది. 2017లో డ్యూపాంట్, దాని నుంచి విడిపోయిన కెమూర్స్ కలిసి 67 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి దావాలు తెమల్చుకున్నాయి. 2023లో పీఫాస్ కాలుష్యానికి గాను అమెరికా నగరాల మంచినీటి సంస్థలకు వెయ్యి కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి త్రీఎం ఒప్పుకుంది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పీఎఫ్ఓఏను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. తాగునీటిలో ఈ మందు లీటరుకు 4 నానోగ్రాములు మించకూడదని 2024లో అమెరికా పర్యావరణ సంస్థ గీత గీసింది. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్ల వంతు.

2022లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ కజిన్స్ బృందం వాననీటి లెక్కలు కూర్చి చూసింది. మనిషి జాడ లేని అంటార్కిటికాలోనూ, టిబెట్ పీఠభూమి మీదా పడే వానలో సైతం పీఎఫ్ఓఏ అప్పట్లో అమెరికా సూచించిన సురక్షిత మోతాదును మించి ఉంది. వాన మనల్ని తడపకూడదని పూసుకున్న మందు వాననే పాడుచేసింది. దీనికంటే సిగ్గుచేటు ఏముంటుంది?

ఇందులో అన్నిటికంటే నన్ను మండించేది ఒక చిన్న తీసివేత లెక్క. మైనంతో, సిలికోన్‌తో, మామూలు హైడ్రోకార్బన్ గొలుసులతో నీటికి సుమారు 110 డిగ్రీలు వస్తాయి. అత్యుత్తమ ఫ్లోరిన్ పొరతో వచ్చేది 120. తేడా పది. నీటి వరకు ఫ్లోరిన్ ఇచ్చే అదనపు లాభం ఇంతే. దాని అసలు బలం నూనె దగ్గర. వంటనూనె తలతన్యత నీటిలో సగం కూడా ఉండదు, కాబట్టి మైనం మీద సులువుగా పరచుకుంటుంది. నూనెను ఆపాలంటే ఫ్లోరిన్ అవసరమొస్తుంది. సరే, నూనెను ఆపాల్సిన అవసరం ఎవరికుంది? చమురు మంటల్లోకి దిగే అగ్నిమాపక సిబ్బందికి ఉంది. రసాయన కర్మాగారంలో పనిచేసే కార్మికుడికి ఉంది. మూడో తరగతి పిల్లాడి రెయిన్‌కోటుకు ఎందుకు? గొడుగుకు ఎందుకు? బడిసంచికి ఎందుకు? తివాచీకి ఎందుకు? వాటి మీద పడేది నీరు. నీటికి మైనం చాలు. తెలిసి తెలిసి ఆ పది డిగ్రీల కోసం పసిపిల్లల ఒంటిమీది బట్టకు చావులేని మందు పూశారు.

"గరుకుదనంతోనే అన్నిటినీ సాధించవచ్చు, శాస్త్రం ముందుకు పోతోంది" అని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. 2014లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ల్యూ, కిమ్ అనే ఇద్దరు కేవలం ఆకారంతోనే, సన్నటి స్తంభాల తలల అంచులను కిందికి వంచి, ఏ ద్రవం వేసినా నిలబడే తలాన్ని గాజు లాంటి సిలికా మీద చెక్కారు. నిజంగా అబ్బురమే. అదైనా గాలిని నమ్ముకున్నదే. చిప్‌లు తయారుచేసే శుభ్రమైన గదిలో చెక్కిన ఆ స్తంభాలు రోజూ రాపిడి తినే చొక్కా మీద నిలవవు. తామరాకుకు ప్రాణముంది కాబట్టి చిరిగిన మైనాన్ని మళ్లీ స్రవించుకుంటుంది. డబ్బాలోంచి చల్లిన పూతకు ఆ శక్తి లేదు. ప్రయోగశాలలో సాధించినదాన్ని నేను తలవంచి గౌరవిస్తాను. దాని పేరు చెప్పుకుని బజారులో అమ్మేదాన్ని గౌరవించను.

తడవడం జబ్బు కాదని కూడా గట్టిగా చెప్పాలి. వరి ఆకు, క్యాబేజీ ఆకు, ఉల్లి ఆకు మైనంతో నీటిని జారవిడుస్తాయి. మందు కొట్టే రైతు అందుకే ట్యాంకులో జిగురుమందు కలుపుతాడు. నీటి తలతన్యత తగ్గి చుక్క ఆకు మీద పరచుకుంటుంది. లేకపోతే వేలు పోసి కొన్న మందు నేలపాలు. బట్టకు రంగు అంటాలన్నా, టంకం పట్టాలన్నా, కన్ను రెప్ప కింద తడిగా ఉండాలన్నా తడవాలి. ఎక్కడ తడవాలో ఎక్కడ తడవకూడదో ఆలోచించి వస్తువును తయారుచేయడమే ఇంజనీరు పని. అన్నిటికీ ఒకటే మందు పూసి చేతులు దులుపుకోవడం ఇంజనీరింగ్ కాదు.

ఇప్పుడు ఇటలీ మీదుగా మన గడపకు వద్దాం. ఇటలీలో విచెంజా దగ్గర త్రిస్సినో పట్టణంలో మిటెని అనే కర్మాగారం వెనెటో ప్రాంతంలో లక్షలాది మంది తాగేనీటిని పీఫాస్‌తో పాడుచేసింది. 2018లో దివాలా తీసింది. 2025లో అక్కడి న్యాయస్థానం దాని బాధ్యుల్లో 11 మందికి జైలుశిక్షలు వేసింది. ఆ కర్మాగారం యంత్రాలు ఏమయ్యాయి? వేలంలో అమ్ముడై మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాకు చేరాయి. ఇటలీ తన గుమ్మంలోంచి గెంటేసిన యంత్రాలకు మనం తలుపు తీశాం. ఫ్రాన్స్ 2025లో చట్టం చేసి 2026 జనవరి నుంచి రక్షణ దుస్తులు మినహా మిగతా బట్టల్లో, బూట్లలో పీఫాస్‌ను నిషేధించింది. కాలిఫోర్నియా కొత్త బట్టల్లో వాటి వాడకానికి 2025 జనవరి నుంచే అడ్డుకట్ట వేసింది. తలుపులు మూసుకుంటున్న దేశాల సరుకు తలుపులు తెరిచిన దేశాల వైపు పారుతుంది. పల్లానికి నీరు పారినట్టే పారుతుంది. మనం పల్లంలో కూర్చుని చూస్తూ ఉండిపోదామా?

పీఫాస్‌ను అవసరమైనచోట వాడనివ్వండి, మిగతాచోట ఆపండి. ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. ఓజోన్ పొరను కాపాడుకోవడానికి 1987లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం కింద ప్రపంచం ఇదే చేసింది. అత్యవసర వాడకాలకు మినహాయింపు ఇచ్చి మిగతావాటిని బంద్ పెట్టింది. ఆనాడు పరిశ్రమ కూలిపోలేదు. ఈనాడూ కూలిపోదు.

ప్రకటనల సంగతి కూడా తేలాలి. ఫోన్లు నీటిని తట్టుకుంటాయన్న ప్రకటనలు జనాన్ని పక్కదారి పట్టించాయంటూ 2020లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. 2022లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు అలాంటి ప్రకటనలకే శామ్‌సంగ్‌కు కోటీ నలభై లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. మనకూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది. "జీవితాంతం తడవదు" అనే మాట మీద ఆ చట్టం ఎందుకు లేవకూడదు? భౌతికశాస్త్రం అసాధ్యమని చెప్పిన హామీని అమ్మేవాడికంటే తప్పుదారి పట్టించేవాడు ఇంకెవడుంటాడు?

నా డిమాండ్లు సూటిగా చెబుతున్నాను. నీరంటదని అమ్మే ప్రతి వస్తువు మీదా ఏ పరీక్షలో, ఎంత ఒత్తిడికి, ఎంతసేపు ఆగిందో, ఎన్ని ఉతుకులు తట్టుకుందో అచ్చువేయాలి. కోణం అంకె వేస్తే, బొట్టు ఎంత వాలుకు జారిందో కూడా వేయాలి. పూతలో ఫ్లోరిన్ ఉందో లేదో అరచేతి మందం అక్షరాలతో రాయాలి. పిల్లల బట్టల్లో, సంచుల్లో, గొడుగుల్లో, తివాచీల్లో పీఫాస్‌ను నిషేధించాలి. కృష్ణ, గోదావరి, మూసీ నీళ్లలో, బట్టల అద్దకం జరిగే ప్రతి పారిశ్రామికవాడ బోరులో వీటిని కొలిచి ఫలితాలు జనం ముందు పెట్టాలి. కాలుష్య నియంత్రణ మండళ్లు ఈ పని రేపు మొదలుపెట్టినా ఆలస్యమే.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. కొనేది మనం. ఈ వానాకాలం రెయిన్‌కోటు కొనడానికి వెళ్లినప్పుడు కౌంటరు దగ్గర రెండు ప్రశ్నలు వేయండి: ఇందులో ఫ్లోరిన్ ఉందా? ఇది ఎన్ని ఉతుకులు ఆగుతుందని రాసి ఇస్తారు? ఈ రెంటికీ సూటిగా జవాబివ్వని సరుకును అక్కడే వదిలేసి రండి.